మెట్ల మలుపులో ఆగిన పెట్టె

మూలమట్టం గాడు నన్ను ముంచాడు. ఈ మాట నాలుగు వారాలుగా ఈ పేజీల్లో రాస్తూనే ఉన్నాను. ఇవాళ కూడా దానితోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మొన్న మంగళవారం మధ్యాహ్నం దాకా నేను పట్టుకుని వేలాడింది ఆ మాటనే. కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను, మూలమట్టం అంటే మా అన్న. చెక్క మూల తిన్నగా ఉందో లేదో చూసుకునే పనిముట్టు పేరే పనివాళ్ళు వాడికి పెట్టారు. చెక్క మూలలే కాదు, ఎదుటి మనిషి మూలలు కూడా చూసే రకం వాడు. ఇద్దరిదీ ఒకటే పని. చనిపోయినవాళ్ళకి పెట్టెలు చేస్తాం. నాన్న చేశాడు, ఆయన దగ్గర మేం నేర్చుకున్నాం. నేను ఆరో తరగతితో బడి మానేసి రంపం పట్టాను, కాబట్టి నా రాతలో వంకరలుంటే సర్దుకుపోండి. పదకొండేళ్ళుగా వాడి గుమ్మం నేను తొక్కలేదు, నా గుమ్మం వాడు తొక్కలేదు.

పోయిన వారం ఆసుపత్రి నుంచి మా ఆవిడని ఇంటికి తీసుకొచ్చిన దగ్గర ఆపాను. ఇక ఇంట్లోనే ఉంచండి, నొప్పికి మందులిస్తాను అంది డాక్టరమ్మ. ఎన్నాళ్ళమ్మా అంటే నోటితో చెప్పకుండా మూడు వేళ్ళు చూపించింది. నెలలు. మా ఆవిడ ఆ మూడు వేళ్ళూ చూసింది. మేడ మెట్లెక్కి, మంచం మీద కూచుని, ఊపిరి తీసుకుని, నాతో అన్న మొదటి మాట ఇది: "నా పెట్టె నువ్వే చెయ్యాలి. ఇప్పుడే మొదలుపెట్టు. నేను చూడాలి."

నేను చెయ్యనన్నాను. నోరు మూసుకుని పడుకో అని కూడా అన్నాను. ముప్పై ఏళ్ళుగా నేను ఎవర్ని చూసినా ముందు కనిపించేది భుజాల వెడల్పే. బస్సులో పక్క సీటువాడైనా, చర్చిలో పాట పాడే అమ్మాయైనా, మనసులో అంగుళాలు పడిపోతాయి. మా పని తెచ్చిన జబ్బు అది. ఒక్క మా ఆవిణ్ణి మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ అలా చూడకుండా కళ్ళు తిప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు కొలత తీసుకోమంటే చేతులెలా ఆడతాయి? ఆవిడ పట్టుపట్టలేదు. "సరేలే" అంది. ఆవిడ సరేలే అందంటే వెనకాల ఏదో నడుస్తోందని నాకు తెలిసుండాల్సింది.

మంగళవారం పదకొండింటికి చర్చి నుంచి స్త్రీల కూడికవాళ్ళు ప్రార్థనకి వచ్చారు. ఆరుగురు. ముందు కండక్టరమ్మ. ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది గానీ ఆ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. "వందనాలు, వందనాలు. లోపలికి జరగండమ్మా, గుమ్మంలో నిలబడకండి, వెనక చాలా ఖాళీ ఉంది" అంటూ పదడుగుల గదిలో ఆరుగుర్నీ సర్దేసింది. పాట పాడారు. ప్రార్థన చేశారు. తర్వాత కండక్టరమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మొహం అలా పెట్టకూడదమ్మా. ప్రభువులో ఆనందించేవాళ్ళకి నొప్పి అనేది తెలీదు" అంది.

"అలాగా అక్కా," అంది మా ఆవిడ. "మరి నీ మోకాళ్ళకి ఆ పట్టీలెందుకు?"

మిగతా ఐదుగురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కండక్టరమ్మ ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత ఆవిడా నవ్వేసింది. "అన్నిటికీ జబ్బొచ్చింది గానీ నీ నోటికి రాలేదే!"

"రాలేదక్కా, అందుకే చెబుతున్నా. నొప్పి తెలుస్తుంది. బాగా తెలుస్తుంది. నాకు నొప్పి లేదని మీరు స్తోత్రం చేస్తే, ఆయన ఒకసారి నన్ను చూసి, ఇంకోసారి మిమ్మల్ని చూసి, వీళ్ళు ఎవరి గురించి మాట్లాడుతున్నారబ్బా అనుకుంటాడు. నొప్పుందని చెప్పి స్తోత్రం చెయ్యండి."

వాళ్ళు మళ్ళీ కళ్ళు మూసుకుని అలాగే చేశారు. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమెన్ అనలేదు.

నన్ను దేవుడు లేడనేవాళ్ళలో కలపకండి. నేను ఆదివారం మానిన మనిషిని కాను. మా చర్చిలో బెంచీలు సగం నా చేతి మీద తయారైనవే. ఎడం వైపు చివరి బెంచీ నాది, కుడి వైపు నాలుగోది మా అన్నది, మధ్యలో పదకొండేళ్ళు. కానీ ఆనందం అనే మాట పాస్టరుగారి నోట్లోంచి వచ్చినప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. బైబిల్లో ఆ మాట రాసినాయన జైల్లో కూచుని రాశాడని అంటారు. ఆయన జైల్లో ఉన్నాడు, నా సంగతి ఆయనకేం తెలుసు? అనుకునేవాణ్ణి. బాగున్నవాళ్ళు పాడుకునే పాట అది, నాలాంటి వాళ్ళు బెంచీ అంచు గోక్కుంటూ వినాలి, అంతే.

కూడికవాళ్ళు వెళ్ళాక మందు వేద్దామని ఆవిణ్ణి లేపి కూచోబెట్టి, వెనక తలగడ సర్దబోయాను. తలగడ కింద చీటీ. సిమెంటు బస్తాలోంచి చింపిన గోధుమరంగు ముక్క, దాని మీద చెక్కపని పెన్సిలు లావు గీత. చదవక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఏడు అంకెకి మధ్యలో అడ్డగీత పెట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే.

పొడవు అయిదడుగుల రెండంగుళాలు. భుజాలు పద్నాలుగున్నర. మెట్ల మలుపు ఇరవై ఏడు.

అన్నిటికంటే కింద, రెండు గీతలు గీసి మరీ, ఇంకో మాట: పిడులు కింద.

"వాడొచ్చాడా ఇక్కడికి?"

"నిన్న. నువ్వు చెక్కల డిపోకి వెళ్ళినప్పుడు. నేనే కబురు పంపాను."

"నన్నడక్కుండా నా ఇంట్లోకి వాణ్ణి రానిచ్చావా?"

"నా ఇల్లు కాదేంటి? నేనేమన్నా అద్దెకున్నానా?"

"అద్దెకే ఉన్నావు!" అని అరిచాను. నిజమే, అది అద్దిల్లే, ఇద్దరం అద్దెకే ఉన్నాం. కోపంలో నోరు జారి నిజం వచ్చేసింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

"నిన్ను కొలిచాడా వాడు?"

"టేపుతో కాదులే, దారంతో. బతికున్న మనిషికి టేపు పట్టకూడదని మీ నాన్న చెప్పేవాడంటగా. దారానికి ముడులేసుకున్నాడు. భుజాల దగ్గర కాస్త వదులుగా ఉంచండి బావగారూ, ప్రభువు లేపే రోజున ఇరుక్కుపోకూడదు అన్నాను. మేకులు కూడా తక్కువ కొట్టండి, నాకసలే బలం లేదు అన్నాను. మీ అన్న నవ్వాడయ్యా! ఆయన నవ్వితే దగ్గొస్తుంది, నీకు గుర్తుందా? నవ్వి, దగ్గి, కుర్చీలో కూలబడి, తర్వాత ఏడ్చాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు వచ్చినందుకు కాదు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకున్నందుకు. ఈ ఇంట్లో మూడు వారాలుగా నేను పిల్లిలా నడుస్తున్నాను, గిన్నె చప్పుడైనా ఆవిడ ఉలిక్కిపడుతుందని. అలాంటి చోట కూచుని ఆ మూలమట్టం దగ్గొచ్చేదాకా నవ్వుతాడా?

"ముందు మెట్లు కొలిచాకే గదిలోకి వచ్చాడు," అంది ఆవిడ. "మలుపులో చాలాసేపు నిలబడ్డాడు. ఇక్కణ్ణుంచి నాకు నీడ కనిపించింది. చీటీలో ఆఖరి మాటేంటి బావగారూ అని అడిగాను. పిడులు కింద అంటే ఏంటని. ఆయన చీటీ నా చేతిలో పెట్టేసి, మీ ఆయన్నడుగమ్మా అన్నాడు." తల తిప్పి నన్ను చూసింది. "అడుగుతున్నా. ఏంటది?"

"ఏముంది, పనివాళ్ళ మాట."

"పనివాళ్ళ మాటకి రెండు గీతలు గీస్తారా?"

నేను మందు చెంచా కడగడానికి వెళ్ళాను. శుభ్రంగా ఉన్న చెంచానే మళ్ళీ కడిగాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అలాగే చూస్తోంది. కోర్టులో ప్లీడర్లు తెలుసు నాకు, ఎదుటివాడి నోట్లోంచి మాట లాగడానికి గంట సేపు మాట్లాడతారు. ఈవిడ ఏమీ మాట్లాడదు.

దాంతో నేను అడ్డం తిరిగాను. ఇరుకున పడితే నేను చేసే పని అదే.

"నీకు సిగ్గు లేదా? ప్రాణం మీదికొచ్చి కూడా ఇకిలింపులేంటి? ఎక్కణ్ణుంచొస్తుందే ఈ ఆనందం నీకు? ఆ మందులో కలిపిస్తున్నారా? చెప్పు, నేనూ రెండు చెంచాలు తాగుతాను."

అన్నాక నాకే భయమేసింది. ఆవిడ బాధపడలేదు. ఆలోచించింది. అడిగిన ప్రశ్న నిజంగా అడిగిన ప్రశ్నే అయినట్టు జవాబు చెప్పింది.

"పొద్దున్నే ఉండదయ్యా. నువ్వు లేవకముందే నాకు మెలకువొస్తుంది. అప్పుడు నొప్పి ఒక్కటే ఉంటుంది. అప్పుడు నేను ప్రభువుని తిడతాను. నీకు తెలీదు, నిన్ను తిట్టినదానికంటే ఎక్కువ తిడతాను. పిల్లల్నివ్వలేదు, పోనీలే అనుకున్నా, ఇప్పుడిదొకటా అని తిడతాను. తిట్టి తిట్టి నేను అలిసిపోతాను. ఆయన మాత్రం లేచి వెళ్ళిపోడు. అంతా విని అక్కడే కూచుంటాడు. ఎలా తెలుసని అడక్కు. పక్క గదిలో నువ్వు ఉలి నూరుతుంటే చూడకుండానే నాకు తెలీదూ, అలా తెలుస్తుంది. అప్పుడు లోపల ఎక్కడో వెచ్చబడుతుంది. నొప్పి పోదు. నొప్పి పక్కనే అదీ ఉంటుంది. రెండూ ఒకే మంచం మీద. నేను తయారుచేసేదైతే ఈపాటికి అయిపోయేది. నా దగ్గర ఇంకేం సరుకుంది?"

"మరి నాకెందుకు రాదు?"

వెటకారంగా అందామనుకున్నాను. గొంతు అలా పలకలేదు.

"నువ్వు ఆయనతో అన్నీ మాట్లాడతావు, ఒక్కటి తప్ప. అదేంటో నాకు తెలీదు. కానీ పదకొండేళ్ళ నుంచీ వింటున్నాగా. మోకాళ్ళూని అందర్నీ తల్చుకుంటూ వస్తావు, మీ అన్న దగ్గరికి రాగానే ఆమెన్ అనేస్తావు. ఊపిరాడనట్టు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోవడం లేదు. మళ్ళీ మళ్ళీ తంతున్నారు. అది అంటుకుంటే చెబుదామనుకున్నాను. అంటుకోలేదు. అయినా చెప్పాను.

ఇప్పుడు మీకూ చెప్పాలి. రెండో వారంలో మా నాన్న భూస్థాపన గురించి రాశాను. అన్న చేసిన పెట్టె మెట్ల మలుపులో ఇరుక్కుపోయిందని, కొలత తప్పడం వల్ల నలభైమంది ముందు మా నాన్నకి అవమానం జరిగిందని రాశాను. అది చదివి కొందరు నాకు జాలిగా ఉత్తరాలు కూడా రాశారు. ఆ ఉత్తరాలు వెనక్కి పంపలేను గానీ, ఆ జాలి మాత్రం వెనక్కి తీసేసుకోండి.

మా పనిలో ఒక పద్ధతుంది. మేడ మీద పోయిన మనిషికి చేసే పెట్టెకి, పక్కల పట్టుకుని మోసే పిడులు ముందే బిగించకూడదు. ఖాళీ పెట్టెనైతే నిలువుగా ఎత్తి ఎంత ఇరుకు మెట్లలోంచైనా పైకి తీసుకెళ్ళొచ్చు. మనిషిని పడుకోబెట్టాక అలా నిలబెట్టి దించలేం కదా. అందుకని పెట్టెని తాళ్ళతో, తిన్నగా, మెల్లగా కిందికి దించి, అప్పుడు బిగిస్తాం పిడులు. అదే పిడులు కింద అంటే. పనిలో చేరిన మొదటి నెలలోనే నాన్న చెప్పే ముక్క అది.

నాన్న ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే పోయాడు. పెట్టె అన్న చేశాడు. మలుపు ఇరవై ఏడంగుళాలు, పెట్టె ఇరవై ఐదు, అటు అంగుళం, ఇటు అంగుళం. వాడి కొలత ఎప్పుడూ అంతే. పిడుల పని నాకు అప్పజెప్పాడు. నేను ఇత్తడివి తెచ్చాను, బరువైనవి, పువ్వుల పని ఉన్నవి. పెట్టె అంతా అన్న చేతి పనే, అందరూ దాన్నే మెచ్చుకుంటారు, నా వంతు ఏం కనిపిస్తుంది? మంచం పక్కన పెట్టె పెట్టినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఆ ఇత్తడి మెరుపు చూడాలనిపించింది. అన్న స్నానానికి వెళ్ళినప్పుడు పైనే బిగించేశాను. ఒక్కో పిడి రెండంగుళాలు బయటికి పొడుచుకొస్తుంది. చిన్నపిల్లలు కూడా వేసే లెక్క. నేను వెయ్యలేదు.

మలుపులో పెట్టె ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. పైన నలుగురం, కింద నలుగురం. ఎవరో వంచండి అన్నారు. వంచాం. లోపల నాన్న జారిన చప్పుడైంది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో రాయను.

ఆడవాళ్ళు ఏడుపు ఆపేశారు. అందరూ మమ్మల్ని చూస్తున్నారు. కింది కొసన అన్న ఉన్నాడు. వాడు పిడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత పైకి వినపడేలా, "కొలత నాది, తప్పు నాది" అన్నాడు. నేను ఆ మాట విని నోరు మూసుకున్నాను. అంతే నేను చేసింది. మూడో రోజున మాత్రం నోరు తెరిచి, మేం పనిచేసే షెడ్డులో అందరి ముందూ, నాన్నని అవమానించావని వాణ్ణి తిట్టి, నా పనిముట్లు సంచిలో వేసుకుని బయటికొచ్చేశాను. వాడు అప్పుడూ ఏమీ అనలేదు. ఒక్క మాట అనుంటే కొట్టుకుని సరిపెట్టుకునేవాళ్ళం. అననందుకే వాడంటే నాకు అసహ్యం పుట్టింది. నా తప్పు వాడి దగ్గర దాచిపెట్టి, అది వాడిదేనని నేనే నమ్మడం మొదలుపెట్టాను. నమ్మడానికి ఏడాది పట్టింది. తర్వాత తేలికైపోయింది.

చెప్పడం అయ్యాక ఆవిడ నా తల నిమిరింది. ఎముకలు తప్ప ఏమీ మిగలని చెయ్యి. ఏడుస్తుందనో, తిడుతుందనో అనుకున్నాను.

"పోనీలే, చెప్పావు," అంది. తల మీంచి చెయ్యి తియ్యకుండానే, "కానీ నాకు చెప్పడం సులువేగా" అంది.

"సులువా?"

"మరి? నేనెవరికి చెబుతాను? మూడు నెలల్లో ఈ మాట కూడా నాతో పాటే ఆ పెట్టెలో పడుకుంటుంది. నువ్వు మళ్ళీ మామూలుగా మీ అన్నని తిట్టుకోవచ్చు. బతికుండేవాళ్ళకి చెప్పయ్యా. ఆ రోజు మెట్ల మీద ఉన్నవాళ్ళకి."

ఆవిడ ఏమడుగుతోందో నాకు అర్థమైంది. ఎంత అడుగుతోందో మీకు అర్థం కావాలంటే కోర్టు సంగతి చెప్పాలి. నాన్న కాగితం రాసి పోయాడు. షెడ్డు ఇద్దరిదీ, కలిసి పనిచేసినంత కాలం. ఎవడైనా తనంతట తాను విడిపోతే వాడికి వాటా లేదు. నేను వేసిన కేసు ఏంటంటే, నా అంతట నేను విడిపోలేదు, అన్న నిర్లక్ష్యం వల్ల నాన్నకి జరిగిన అవమానం తట్టుకోలేక బయటికి రావాల్సి వచ్చింది అని. కోర్టులో నిలబడి, దేవుడి పేరున ప్రమాణం చేసి, పెట్టె కొలత తప్పని చెప్పాను. ఆరేళ్ళు నడిచింది. ఆఖరి వాయిదా ఆ వచ్చే సోమవారానికే పడింది. తీర్పు నాకే వచ్చేలా ఉందని మా ప్లీడరు గట్టిగా చెబుతూ వచ్చాడు.

"చెబితే కేసు పోతుందే," అన్నాను.

"పోతుంది."

"నువ్వు కూడా పోయాక నాకేం మిగులుతుంది?"

"నేనూ అదే అడుగుతున్నా. కేసు గెలిచావనుకో. నేను పోయాక నీకేం మిగులుతుంది? ఒక షెడ్డు. అందులో నీతో మాట్లాడే మనిషి ఉండడు. నేను రోజూ పొద్దున్నే ఆయనతో పోట్లాడేది నా నొప్పి గురించి ఒక్కటే అనుకుంటున్నావా?"

ఆ తర్వాత అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో, నన్ను వదిలేసిందో తెలీదు.

బుధవారం ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. ఊరికే, మాటవరసకన్నట్టు అడిగాను, చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యంగా ఏదన్నా చెబితే అది కోర్టుకి వెళుతుందా అని. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "రెండొందలమంది ముందు చెప్పాక వెళ్ళకుండా ఎక్కడాగుతుంది? చూడు నాయనా, ఇన్నేళ్ళు వెళ్ళావు కదా చర్చికి, ఈ ఒక్క ఆదివారం కడుపునొప్పి తెచ్చుకుని ఇంట్లో పడుకో. దేవుడేం అనుకోడు" అన్నాడు. ఆయన మంచివాడే. నా మంచికే చెప్పాడు.

శుక్రవారం పొద్దున ఆవిడ కంటే ముందే లేచాను. వంటగదిలో నేల మీద మోకాళ్ళూని, అన్న పేరు దగ్గర ఆగకుండా, పిడులు, ఇత్తడి, చప్పుడు, కోర్టులో చేసిన ప్రమాణం, మొత్తం చెప్పాను. ఆవిడ చెప్పిన వెచ్చదనం కోసం కూచున్నాను. ఏమీ రాలేదు. మోకాళ్ళు నొప్పెట్టాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఎవరో దీపం వెలిగించినట్టు రాస్తే మీకు బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ఒక్కటే తెలిసింది. దేవుడికి చెప్పడం కూడా సులువే. ఆయనకి ముందే తెలుసు.

ఆదివారం ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని మెట్లు దించాను. పిట్టంత బరువు. మలుపు దగ్గర నెమ్మదించాను. గోడకి ఆవిడ మోచెయ్యి తగలకుండా పక్కకి తిరిగి ఒక్కో మెట్టే దిగుతున్నాను. ఆవిడ నా చెవి దగ్గర, "భయపడకు, ఇరుక్కోను. నాకింకా పిడులు బిగించలేదుగా" అంది.

మెట్ల మధ్యలో, మా నాన్న జారిన చోట, ఆవిణ్ణి ఎత్తుకుని నిలబడి నేను నవ్వాను. ఆగకుండా వచ్చింది. ఆవిడ కూడా నవ్వుతోంది, నవ్వితే నొప్పొచ్చి మూలుగుతోంది, మూలుగుతూనే నవ్వుతోంది. కింది వాటాలో ఉండే ఒకావిడ తలుపు తీసి, ఈ మొగుడూ పెళ్ళాలకి ఏమైందన్నట్టు చూసింది.

చర్చిలో మా ఆవిణ్ణి ముందు బెంచీలో, కండక్టరమ్మ పక్కన కూచోబెట్టి నా చివరి బెంచీకి వెళ్ళిపోయాను. కుడి వైపు నాలుగో బెంచీలో మూలమట్టం వీపు. యాభై తొమ్మిదేళ్ళకే భుజాలు కుంగిపోయాయి. అప్రయత్నంగా కొలిచాను, పద్దెనిమిదంగుళాలు. ఒకప్పుడు పందొమ్మిదిన్నర ఉండేవి. ఆ అంగుళంన్నర ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పక్కన వదిన, జుట్టంతా తెల్లబడింది. అది కూడా చూడలేదు.

పాస్టరుగారు సాక్ష్యాలకి సమయమిచ్చారు. ఒకాయన పోయిన తాళాలగుత్తి దొరికిందని చెప్పాడు. ఒకావిడ కొడుకు పరీక్ష గురించి చెప్పింది. తర్వాత ఎవరూ లేవలేదు. పాస్టరుగారు ఒకసారి అటూ ఇటూ చూసి, ప్రార్థనకి కళ్ళు మూసుకోబోయారు. మా ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూసుంటే నేను లేచేవాణ్ణి కాదు, ఆవిడ కోసం లేచినట్టుండేది.

లేచాను.

"మా నాన్న పెట్టె మెట్ల మీద ఇరుక్కుపోయింది, మీలో చాలామంది ఉన్నారు ఆ రోజు," అన్నాను. "అన్న కొలత సరిగ్గానే ఉంది. పిడులు పైనే బిగించింది నేను. అందరూ మెచ్చుకోవాలని బిగించాను. తప్పు నాదని అప్పుడు చెప్పలేదు. కోర్టులో దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాను."

పైకప్పు ఊడి పడలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. రెండొందల తలలు నా వైపు తిరిగాయి, ఒక్క మా అన్నది తప్ప.

సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. సిగ్గుంది. రేపటి భయముంది. నా భార్య చచ్చిపోబోతోందన్న సంగతి ఎక్కడికీ పోలేదు, ముందు బెంచీలో కూచునే ఉంది. కానీ వాటి పక్కన ఇంకొకటి వచ్చి చేరింది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకున్న తలుపుంటుంది. అంచుని ఒక్క వరస చిత్రిక పడితే చాలు, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. లోపల అలా ఉంది. వంటగదిలో ఎంత అడిగినా రానిది, ఉన్నదంతా పోతున్న నిమిషంలో వచ్చింది. ఏమీ అడక్కుండానే వచ్చింది. ఆ సాక్ష్యాల వరసలో నాకెప్పుడూ రాని మాట నోట్లోకొచ్చింది. "స్తోత్రం" అన్నాను. నాకే వింతగా వినపడింది.

అప్పుడు మూలమట్టం లేచాడు. వదిన చెయ్యి పట్టుకుని ఆపబోయింది, విడిపించుకున్నాడు. నా వైపు చూడలేదు. ముందు బెంచీలో ఉన్న మా ఆవిడ వైపు చూసి, తర్వాత పాస్టరుగారి వైపు తిరిగి అన్నాడు: "మా తమ్ముడు చెప్పింది సగమే అయ్యగారూ. మిగతా సగం నాది. ఆ పొద్దున నేను స్నానానికి వెళ్ళలేదు. తలుపు చాటున నిలబడి, వాడు ఆ పిడులు బిగించడం మొదట్నుంచీ చివరిదాకా చూశాను."

చూసి కూడా ఎందుకు ఆపలేదు వాడు? పిడులతో ఇరవై తొమ్మిదంగుళాలైన ఆ పెట్టెని నా చేత ఆ మలుపు దాకా ఎందుకు మోయించాడు? అడగడానికి నోరు తెరిచాను. ఏ జవాబొచ్చినా అప్పటికే నా చేతిలోంచి జారిపోయిన షెడ్డు కొలత మాత్రం కచ్చితంగా చెప్పగలను, ఎన్నిసార్లు కొలిచానో లెక్కలేదు గనక: పద్దెనిమిదడుగుల వెడల్పు, నలభై రెండడుగుల పొడవు.